సైనస్‌కు మందు, మందుకు దారి

సైనస్ గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఒకేలాంటివి కలిపి, చెవి ముక్కు గొంతు నిపుణుల చేత జవాబులు రాయించాం.

ప్రశ్న: జలుబు చేసి ఆరు రోజులైంది. మొదట నీళ్లలా కారింది, ఇప్పుడు ఆకుపచ్చగా చిక్కగా వస్తోంది. వంగితే చెంపలు, నుదురు బరువెక్కుతున్నాయి. ఇన్ఫెక్షన్ ముదిరింది, యాంటీబయాటిక్ వేసుకో అంటున్నారు ఇంట్లోవాళ్లు. వేసుకోనా?

ఇప్పుడే వద్దు. చీమిడి పచ్చబడినంత మాత్రాన బ్యాక్టీరియా చేరినట్టు కాదు. వైరస్ మీదికి వెళ్లిన తెల్ల రక్తకణాల్లో ఉండే ఒక ఎంజైమే ఆ రంగు తెస్తుంది. మామూలు జలుబులోనూ మూడు నాలుగు రోజులకు చీమిడి చిక్కబడి రంగు తేలుతుంది, ఆ తర్వాత మళ్లీ పల్చబడుతుంది. చెంపల బరువు కూడా జలుబులో భాగమే. 1994లో అచ్చయిన ఒక పరిశీలనలో జలుబుతో ఉన్న 31 మందికి సీటీ స్కాన్ తీస్తే 27 మందికి చెంప సైనస్‌లలో, అంటే చెంప ఎముకల్లోని గాలి గదుల్లో, తేడా కనిపించింది. రెండు వారాలకు యాంటీబయాటిక్ లేకుండానే చాలావరకు తేటపడింది. జలుబు మధ్యలో స్కాన్ తీయించి, ‘సైనసైటిస్’ అని రిపోర్టు వచ్చిందని కంగారు పడటం అనవసరం అనేది అందుకే.

బ్యాక్టీరియా చేరిందని అనుమానించాల్సిన సందర్భాలు మూడు. 10 రోజులు గడిచినా కాస్తయినా తగ్గకపోవడం ఒకటి. తగ్గుముఖం పట్టిన జలుబు ఐదారు రోజులకు మళ్లీ జ్వరంతో, నొప్పితో తిరగబెట్టడం రెండోది. మొదటి నుంచే 39 డిగ్రీల సెల్సియస్ జ్వరం, చీము లాంటి చీమిడి, ముఖం నొప్పి వరసగా మూడు నాలుగు రోజులు ఉండటం మూడోది. మొదటి రెండు సందర్భాల్లో, వేరే జబ్బులేమీ లేని పెద్దవాళ్లయితే డాక్టరుకు చెప్పి మరో వారం ఆగి చూడొచ్చు కూడా. మందు అవసరమైతే అమాక్సిసిలిన్, లేదా దానికి క్లావులనేట్ కలిపినది 5 నుంచి 10 రోజులు ఇస్తారు. పెన్సిలిన్ పడనివాళ్లకు డాక్సీసైక్లిన్ ఒక దారి. చాలామంది సొంతంగా కొనుక్కునే మూడు రోజుల అజిత్రోమైసిన్ ఇక్కడ సరైన మందు కాదు. సైనస్‌లో చేరే ముఖ్యమైన బ్యాక్టీరియాల్లో చాలా వాటికి అది పాతబడిపోయింది, అవి లొంగవు.

ఈలోపు నొప్పికి పారాసిటమాల్, ముక్కుకు ఉప్పునీళ్లు చాలు. ఆ ఉప్పునీళ్ల సంగతి కింది జవాబులో ఉంది.

ప్రశ్న: ముక్కును ఉప్పునీళ్లతో కడగమన్నారు. కుళాయి నీళ్లలో చిటికెడు ఉప్పు కలిపి సీసాతో పిండితే కళ్లలోంచి నీళ్లొచ్చేంత మంట. చెవి మూసుకుపోయింది. గంట తర్వాత ఏదో తీయడానికి వంగితే ముక్కులోంచి బొళుక్కున నీళ్లు కారాయి. నాకు పడదనుకోవాలా?

పడదని కాదు. నీళ్లు, ఉప్పు, తల వంపు మూడూ తప్పాయి.

ముందు నీళ్ల సంగతి. కుళాయి నీళ్లు తాగడానికి పనికొచ్చినా ముక్కులో పోయడానికి పనికిరావు. నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా కడుపులోకి వెళితే ఏమీ చేయదు, జీర్ణమైపోతుంది. ముక్కు పైభాగానికి చేరితే వాసన నరం వెంట మెదడులోకి పాకుతుంది. ఇది చాలా అరుదు, కానీ సోకినవాళ్లలో బతికేది బహు కొద్దిమంది. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు ఇలాగే చనిపోయారు. కాబట్టి డిస్టిల్డ్ వాటర్ అయినా వాడండి, లేదా నీళ్లు తెర్లడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం మరగనిచ్చి చల్లార్చి వాడండి. సముద్రమట్టానికి 2,000 మీటర్ల పైన ఉండేవాళ్లు మూడు నిమిషాలు మరిగించాలి. కాచిన నీళ్లు శుభ్రమైన మూత ఉన్న గిన్నెలో పెట్టి 24 గంటల్లోపు వాడేయాలి.

ఇక ఉప్పు. మన ఒంట్లో ద్రవాల ఉప్పదనం 0.9 శాతం, అంటే లీటరుకు 9 గ్రాములు. 250 మి.లీ. సీసాకు రెండుంపావు గ్రాములు పడతాయి. మెత్తటి ఉప్పయితే అర టీస్పూనుకు కాస్త తక్కువ. చిటికెడు ఉప్పంటే దాదాపు చప్పిడి నీళ్లే. అవి ముక్కు పొర కణాల్లోకి చొరబడి ఉబ్బిస్తాయి. మీకు మంట పుట్టించింది ఆ చప్పదనమే, ఉప్పు కాదు. రెండు చిటికెల వంటసోడా కలిపితే మంట ఇంకా తగ్గుతుంది, చిక్కటి చీమిడి కూడా వదులవుతుంది. అయోడిన్ కలపని ఉప్పు మేలు. గల్లుప్పు గరుకుగా ఉండి స్పూను కొలత తప్పుతుంది, అది వాడేవాళ్లు తూచుకోవాలి. ఈ లెక్కలన్నీ ఎందుకనుకుంటే మందుల షాపులో దొరికే పొట్లాం ఒకటి సీసాలో వేయడం తేలిక. నీళ్లు మాత్రం గోరువెచ్చగా ఉండాలి, మణికట్టు మీద పోసుకుంటే వేడీ చలవా తెలియకూడదు.

మూడోది తల వంపు. సింకు మీదికి నడుము దగ్గర్నుంచి వంగి, ముఖం కిందికి చూసేలా పెట్టి, తల కొద్దిగా పక్కకు తిప్పండి. నోరు తెరిచి నోటితోనే గాలి పీల్చండి. ‘క, క, క’ అంటూ ఉంటే అంగుడి వెనకభాగం లేచి గొంతులోకి దారి మూసుకుంటుంది. సీసా మూతిని ముక్కు రంధ్రానికి ఆనించి మెల్లగా పిండితే రెండో రంధ్రం నుంచి నీళ్లు బయటికొస్తాయి. సగం సీసా ఒక పక్క, సగం రెండో పక్క. మీరు గట్టిగా పిండారు, లేదా వెంటనే రెండు రంధ్రాలూ మూసి చీదారు. అందుకే నీళ్లు చెవి గొట్టంలోకి ఎక్కి చెవి దిబ్బడ వేసింది. కడిగాక ఏ రంధ్రమూ మూయకుండా మెల్లగా చీదాలి. చివర్లో తల బాగా కిందికి వాల్చి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి తిప్పి అర నిమిషం ఆగితే మిగిలిన నీళ్లు అప్పుడే కారిపోతాయి, గంట తర్వాత మీ మీద పడవు. పడుకోబోయే ముందు చేయకండి. సీసాను వాడిన ప్రతిసారీ సబ్బుతో కడిగి, విప్పి ఆరబెట్టాలి. తడిగా మూత బిగించి పెట్టిన సీసాలో సూక్ష్మజీవులు పెరుగుతాయి.

ఇంతా చేసి సాధించేదేమిటంటే, చెంప సైనస్‌కు తలుపు అడుగున ఉండదు, పైన ఉంటుంది. లోపలి తేమను కంటికి కనిపించని వెంట్రుకలు ఎదురెక్కించి ఆ సన్నటి ద్వారం దాకా తోస్తాయి. ద్వారం దగ్గర పొర వాస్తే లోపలిది లోపలే నిలవ ఉంటుంది. ఆపరేషన్ జరగని ముక్కులో ఉప్పునీళ్లు సైనస్ లోపలికి పెద్దగా వెళ్లవు. ఆ గుమ్మాన్ని కడుగుతాయి, అంతే. ఆ మాత్రానికే చాలామందికి తేడా తెలుస్తుంది.

ప్రశ్న: మూడు నెలలుగా ముక్కు దిబ్బడ, గొంతులోకి కఫం జారడం. డాక్టరుగారు ఫ్లూటికసోన్ స్ప్రే రాశారు. పది రోజులు కొట్టినా గుణం లేదు. పైగా చేదుగా గొంతులోకి దిగుతోంది, రెండుసార్లు రక్తం కూడా వచ్చింది. మానేశాను.

12 వారాలు దాటిన వాపును దీర్ఘకాలిక సైనసైటిస్ అంటారు. దానికి మొదటి మందు స్టిరాయిడ్ స్ప్రేనే, యాంటీబయాటిక్ కాదు. ఇది కొట్టిన గంటకు ముక్కు తెరిచే మందు కాదు. గుణం తెలియడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, పనిచేసిందో లేదో తేల్చుకోవడానికి 8 నుంచి 12 వారాలు రోజూ వాడాలి. పది రోజులకే తీర్పు చెప్పేశారు మీరు.

మీరు రాసిన రెండు ఇబ్బందులూ స్ప్రే కొట్టే తీరు వల్ల వచ్చినవే. చేదు గొంతులోకి దిగిందంటే తల వెనక్కి వాల్చి, కొట్టిన వెంటనే గట్టిగా ఎగపీల్చారన్నమాట. మందు ముక్కులో ఆగకుండా కడుపులోకి పోయింది. రక్తం వచ్చిందంటే రెండు రంధ్రాల మధ్య ఉండే దూలం మీద స్ప్రే నేరుగా పడుతోంది. దూలం ముందుభాగంలో సన్నటి రక్తనాళాలన్నీ ఒకచోట కలుస్తాయి, పొర పల్చగా ఉంటుంది. మందు రోజూ అక్కడే పడితే ఎండి, పొలుసు కట్టి, చిట్లుతుంది.

ఇలా చేసి చూడండి. ముందు ఉప్పునీళ్లతో కడిగి పావుగంట ఆగండి. చీమిడి మీద కొట్టిన మందు చీమిడితోనే బయటికొస్తుంది. సీసా ఊపండి. కొత్త సీసా అయినా, వారం పైగా వాడకుండా ఉన్నా, సన్నటి తుంపర వచ్చేదాకా గాల్లోకి కొట్టండి. తల కొంచెం ముందుకు వంచండి. ఎడమ రంధ్రానికి కుడి చెయ్యి, కుడి రంధ్రానికి ఎడమ చెయ్యి వాడండి. చెయ్యి మారితే సీసా మూతి దానంతట అదే దూలానికి దూరంగా, అదే పక్క చెవి వైపు తిరుగుతుంది. మూతి ఒక సెంటీమీటరు లోపలికి వెళితే చాలు. కొడుతూ పువ్వు వాసన చూసినంత మెల్లగా పీల్చండి. పెద్దవాళ్లకు సాధారణంగా 50 మైక్రోగ్రాముల స్ప్రే ఒక్కో రంధ్రంలో రెండుసార్లు, రోజుకు ఒకసారి. తర్వాత పదిహేను నిమిషాలు చీదకండి.

రక్తం వచ్చిన పక్క రెండు మూడు రోజులు ఆపి, రంధ్రం అంచున వాజిలిన్ కాస్త రాసి, మళ్లీ సరైన కోణంలో మొదలుపెట్టొచ్చు. ‘స్టిరాయిడ్’ అనే మాటకు భయపడి మానేసేవాళ్లున్నారు. ఫ్లూటికసోన్, మొమెటసోన్ రక్తంలోకి చేరేది 2 శాతం లోపే. గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు మాత్రం కంటి డాక్టరుకు ఈ సంగతి చెప్పి ఉంచాలి.

ప్రశ్న: ఆక్సీమెటజోలిన్ చుక్కలు వేస్తే క్షణంలో ముక్కు తెరుచుకుంటుంది. ఎనిమిది నెలలుగా వాడుతున్నాను. ఇప్పుడు నాలుగు గంటలకోసారి వేయకపోతే నిద్ర పట్టదు.

ఇప్పుడు మీ ముక్కు దిబ్బడకు కారణం ఆ చుక్కలే. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ రక్తనాళాలను బిగిస్తాయి. మందు ప్రభావం తగ్గగానే అవి మునుపటికంటే ఎక్కువ ఉబ్బుతాయి. అందుకే మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు దాటి వాడకూడదు.

మానడానికి ఒక పద్ధతి ఉంది. పైన చెప్పిన స్టిరాయిడ్ స్ప్రే ఇవాళే మొదలుపెట్టండి. వారం తర్వాత ఒక రంధ్రంలో చుక్కలు పూర్తిగా ఆపేయండి, రెండో దాంట్లో మాత్రమే వేసుకోండి. కనీసం ఒక పక్కనుంచి గాలి ఆడుతుంది కాబట్టి నిద్ర పడుతుంది. ఆపిన పక్క ఒకటి రెండు వారాల్లో తెరుచుకుంటుంది. అప్పుడు రెండో పక్కా ఆపండి. మొదటి మూడు నాలుగు రాత్రులు కష్టంగానే ఉంటాయి. రెండు దిండ్లు పెట్టుకుని తల ఎత్తుగా ఉంచి పడుకోండి. మధ్యలో ‘ఈ ఒక్క రాత్రికి’ అని రెండు పక్కలా వేసుకుంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

చుక్కలు వదిలాక కూడా ఒక పక్క దిబ్బడ పోకపోతే దూలం వంకరో, అలర్జీయో, పాలిప్‌లో (ముక్కులో పెరిగే మెత్తటి కండలు) ఉన్నాయేమో ఎండోస్కోప్‌తో, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో, చూపించుకోండి. అసలు ఎనిమిది నెలల కిందట చుక్కలు మొదలుపెట్టించినది అదే కావచ్చు.

ప్రశ్న: ఆవిరి పడితే సైనస్ తగ్గుతుందా? బామ్ కలుపుకోవచ్చా?

హాయిగా ఉంటుంది, జబ్బు తొందరగా తగ్గదు. బామ్‌లోని మెంథాల్ ముక్కులో చల్లదనాన్ని పసిగట్టే నరాలను మేల్కొలుపుతుంది. గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, కొలిచి చూస్తే గాలి పెరగదు. ఆవిరి పట్టడంలో అసలు ప్రమాదం వేడినీళ్ల గిన్నె ఒళ్లోకి ఒరగడం. పిల్లలకు తొడలు కాలేది ఇలాగే. వేడి నీళ్లలో ముంచి పిండిన గుడ్డను చెంపల మీద ఐదు నిమిషాలు వేసుకున్నా అంతే హాయి.

ప్రశ్న: కుడి చెంప ఒక్కటే నాలుగు నెలలుగా బరువు. కుడి ముక్కులోంచి కుళ్లు వాసన, నాకే తెలుస్తుంది. మూడుసార్లు యాంటీబయాటిక్ కోర్సు వాడాను. వాడినన్నాళ్లు తగ్గి, ఆపిన వారానికి మళ్లీ మొదలు.

ఒకే పక్క, దుర్వాసన, ఆపగానే తిరగబెట్టడం. ఈ మూడూ కలిస్తే పైదవడ పళ్లు చూపించుకోవాలి. పై దవడ పళ్ల వేర్లకూ చెంప సైనస్ నేలకూ మధ్య ఎముక కొందరిలో కాగితమంత పల్చన. వేరు కొసన చీము పడితే అది నేరుగా పైకి చేరుతుంది. పన్ను నొప్పి లేదు కదా అనకండి. నరం చచ్చిన పన్ను, ఎప్పుడో రూట్ కెనాల్ చేసిన పన్ను నొప్పి పుట్టకపోవచ్చు. మామూలు పంటి ఎక్స్‌రేలో ఇది తప్పిపోవచ్చు, కోన్ బీమ్ సీటీ (పళ్లు, దవడ కోసం తీసే సీటీ స్కాన్) తీస్తే వేరు కొస స్పష్టంగా కనిపిస్తుంది. ఈ మధ్య పై పన్ను పీకించుకుని ఉండి, పుక్కిలిస్తే నీళ్లు ముక్కులోంచి వస్తుంటే అక్కడ రంధ్రం మిగిలిపోయిందని అర్థం. పన్నుకు వైద్యం జరగకుండా సైనస్ ఒక్కదానికే మందు వాడితే మీకు జరిగినట్టే జరుగుతుంది. పన్ను బాగైనా సైనస్ తేటపడకపోతే ఎండోస్కోప్‌తో ద్వారం వెడల్పు చేస్తారు.

పళ్లు బాగున్నాయంటే ఫంగస్ ముద్ద ఉందేమో చూడాలి. స్కాన్‌లో నిండిన సైనస్ మధ్య తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. దానికి మాత్రలతో పనిలేదు, ఆపరేషన్‌తో తీసేస్తే సరిపోతుంది. ఒకే పక్క రక్తం కూడా పడుతుంటే గడ్డ కాదని తేల్చుకోవడానికి ముక్క పరీక్ష (బయాప్సీ) వాయిదా వేయకండి.

ప్రశ్న: నెలకు మూడు నాలుగుసార్లు ‘సైనస్ తలనొప్పి’. కళ్ల మధ్య పోటు, కంటి నీరు, ముక్కు కారడం, వాంతి వచ్చేలా ఉండటం. వెలుతురు చూడలేను. స్కాన్‌లో సైనస్‌లు శుభ్రంగా ఉన్నాయట.

స్కాన్ చెప్పిందే నిజం, ఇది మైగ్రేన్ లక్షణం. మైగ్రేన్‌లో రేగే ముఖ నరానికి ముక్కుతో, కంటి నీటి గ్రంథులతో సంబంధం ఉంది కాబట్టి రెండూ కారతాయి. తమది సైనస్ తలనొప్పి అని చెప్పుకున్న 2,991 మందిని పరీక్షించిన పరిశోధన 2004లో వచ్చింది. అందులో 88 శాతం మందివి మైగ్రేన్ తరహా నొప్పులు. సైనసైటిస్ నొప్పి రోజుల తరబడి ఉంటుంది, వెంట చిక్కటి చీమిడి ఉంటుంది. మీది గంటల్లో వచ్చి పోయే నొప్పి. సైనస్ మాత్రలు ఆపి న్యూరాలజిస్టును కలవండి.

ప్రశ్న: పాలిప్స్‌కు రెండేళ్ల కిందట ఎండోస్కోపీ ఆపరేషన్ అయింది. ఆరు నెలలుగా వాసన మళ్లీ పోయింది. ఆస్తమా కూడా ఉంది. ఒకసారి ఐబుప్రోఫెన్ వేసుకుంటే ఆయాసం వచ్చి ఆస్పత్రిలో చేరాను. మళ్లీ ఆపరేషనేనా?

మీరు చివర్న రాసిన ముక్కే అన్నిటికంటే ముఖ్యం. పాలిప్స్, ఆస్తమా, నొప్పి మాత్ర పడకపోవడం మూడూ కలిసి వచ్చే ఒక జబ్బు ఉంది. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రాక్సెన్ అన్నీ మీకు ప్రమాదమే. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఇది చెప్పండి. ఈ రకంలో పాలిప్స్ తిరిగి రావడం మామూలు. ఆపరేషన్ అనేది సైనస్ గదుల మధ్య గోడలు తీసి దారి వేస్తుంది. పొరలోని వాపు గుణం మాత్రం అలాగే ఉంటుంది.

ఆపరేషన్ అయిన ముక్కుకు ఒక లాభం ఉంది. ఇప్పుడు నీళ్లు సైనస్ లోపలి దాకా వెళతాయి. అందుకే స్ప్రే బదులు నెబులైజర్‌లో వాడే బుడెసొనైడ్, 0.5 మిల్లీగ్రాములున్న 2 మి.లీ. గొట్టం ఒకటి, 240 మి.లీ. ఉప్పునీళ్లలో కలిపి రోజుకు ఒకటి రెండుసార్లు కడగమని రాస్తుంటారు. కంపెనీ ముద్రించిన వాడకంలో ఇది ఉండదు, డాక్టరు చీటీ మీదే మొదలుపెట్టాలి. ప్రెడ్నిసొలోన్ మాత్రలు వారం రెండు వారాలు వాడితే వాసన గబుక్కున తిరిగొస్తుంది, ఆపాక చాలామందికి మళ్లీ పోతుంది. ఆ ఆశతో ఏడాదికి రెండు కోర్సులు దాటితే షుగర్ పెరిగే, ఎముకలు, కళ్లు దెబ్బతినే ప్రమాదం ఉంది.

దీనికీ లొంగకపోతే బయలాజిక్స్ అనే ఇంజెక్షన్లున్నాయి. డూపిలుమాబ్‌కు పాలిప్స్ కోసం అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది. 300 మిల్లీగ్రాములు రెండు వారాలకోసారి చర్మం కింద వేస్తారు. ఒమాలిజుమాబ్, మెపొలిజుమాబ్ తర్వాత వచ్చాయి. ఒకసారి ఆపరేషన్ అయినవాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు, వాసన బాగా పోయినవాళ్లు, రక్తంలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎక్కువున్నవాళ్లకు వీటి గురించి ఆలోచిస్తారు. మీరు చాలావరకు ఆ కోవలోకి వస్తారు. ఇవి ఖరీదైనవి, ఆపితే పాలిప్స్ తిరిగి రావచ్చు.

రెండో ఆపరేషన్ ఎప్పుడు పనికొస్తుందంటే, కొత్త స్కాన్‌లో మొదటిసారి తీయకుండా వదిలిన గోడలు మిగిలి కనిపించినప్పుడు. అన్నీ తెరిచే ఉండి పొర మాత్రమే ఉబ్బి ఉంటే కత్తికంటే ఇంజెక్షన్ మేలని మా అభిప్రాయం.

ప్రశ్న: స్కాన్‌లో దూలం వంకర అని వచ్చింది. సరిచేయించుకుంటే సైనస్ పోతుందా?

నిటారు దూలం ఉన్నవాళ్లు తక్కువ. వంకర ఉన్నంత మాత్రాన ఆపరేషన్ అక్కర్లేదు. ఒక పక్క గాలి ఆడనివ్వకపోయినా, సైనస్ ద్వారాన్ని నొక్కుతున్నా, ఎండోస్కోప్ పోనివ్వకపోయినా సరిచేస్తారు. అలర్జీ వల్ల వచ్చే వాపు మాత్రం దూలం నిటారు చేసినా తగ్గదు.

ప్రశ్న: నాలుగేళ్ల బాబుకు వారం నుంచి ఒక ముక్కులోంచే కంపుకొట్టే చీమిడి. ఇదీ సైనసేనా?

ఈ వయసులో ముందు వెతకాల్సింది ముక్కులో దూర్చిన వస్తువు కోసం: పూస, గింజ, స్పాంజి ముక్క. ఇంట్లో పుల్లతో తీయబోతే ఇంకా లోపలికి వెళుతుంది. అది చిన్న గుండు బ్యాటరీ అయితే గంటల్లోనే దూలానికి రంధ్రం పెడుతుంది, కాబట్టి ఇవాళే చూపించండి.

ప్రశ్న: నాన్నగారికి షుగర్ అదుపులో లేదు. రెండు రోజులుగా ముక్కు దిబ్బడ. నిన్నటి నుంచి ఎడమ చెంప మొద్దుబారినట్టు ఉందంటున్నారు, కంటి చుట్టూ వాచింది. సోమవారం అపాయింట్‌మెంట్ ఉంది, ఆగొచ్చా?

ఆగొద్దు. ఇది చదివిన వెంటనే ఎమర్జెన్సీ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. షుగర్ ఎక్కువ ఉన్నవాళ్లకు ముఖం మొద్దుబారడం, కంటి వాపు, వస్తువులు రెండుగా కనిపించడం, ముక్కులోనో అంగుట్లోనో నల్లటి పొక్కు కట్టడం మ్యూకర్ అనే ఫంగస్ లక్షణాలు కావచ్చు. అది రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి గంటల లెక్కన పాకుతుంది. అక్కడ అదే రోజు ఎండోస్కోప్‌తో చూసి, ముక్క తీసి, స్కాన్ చేస్తారు. అనుమానం గట్టిగా ఉంటే రిపోర్టు కోసం చూడకుండానే ఫంగస్‌ను చంపే మందు యాంఫోటెరిసిన్ బి మొదలుపెట్టి, చచ్చిన కండను ఆపరేషన్‌తో తొలగిస్తారు, షుగర్‌ను ఇన్సులిన్‌తో దించుతారు. వెళ్లేటప్పుడు ఆయన వాడే మందుల చీటీలు, చివరి షుగర్ రిపోర్టు వెంట తీసుకెళ్లండి. దారిలోనే ఫోన్ చేసి ‘షుగర్ పేషెంటు, చెంప మొద్దుబారింది, కన్ను వాచింది’ అని చెప్పండి.